పైడమ్మ మాట

"ఏటలగ సూస్తన్నావు? దాహం అడిగితే ఇవ్వవేటి?"

ఏడాది పాటు మూగగా ఉన్న మా ఆవిడ నోరు తెరిచి అన్న మొదటి మాట ఇది. విశాఖలో సముద్రం వైపు కిటికీలున్న పరిశోధన కేంద్రంలో, తలకి గుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చుని అంది. నా చేతిలోనే నీళ్ళ సీసా ఉంది. ఇవ్వడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

మా ఆవిడ మంగతాయారు పుట్టింది కడియం, మెట్టింది కడియం. తుని దాటి అవతలికి వెళ్ళిందే ఈ వైద్యానికి. "ఏవండీ, కాస్త మంచినీళ్ళు ఇస్తారా" అనాల్సిన మనిషి. గొంతు ఆమెదే, సందేహం లేదు. మాట మాత్రం ఎక్కడో శ్రీకాకుళం జిల్లాది.

డాక్టర్ శశిరేఖ పక్కనే ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, ఆవిడ కళ్ళ కింద మాత్రం నా వయసు ఉంది. ఒక దువ్వెన తీసి చూపించి "ఇదేంటమ్మా?" అంది.

"దువ్వెన్న."

"ఇది?"

"తాళం సెవి. ఏటమ్మా, నన్ను సిన్నపిల్లననుకున్నావేటి?"

"మీ పెళ్ళి ఎక్కడ జరిగింది?"

"కడియంలోన. ఈ మావ తాళి కడతంటే సెయ్యి వొణికీసినాది. మా యప్ప నవ్వీసినాది."

నిజమే, వణికింది. ఆ సంగతి నాకూ, ఆమెకీ, చనిపోయిన వాళ్ళ అక్కకీ తప్ప తెలీదు. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "జ్ఞాపకాలన్నీ మీ ఆవిడవే. వాటిని మాటలుగా పేర్చే పని మాత్రం ఇంకొకావిడది. ఆవిడ పోతూ పోతూ ఇచ్చి వెళ్ళింది. ఊరూ పేరూ చెప్పకూడదు. మీరూ వెతక్కూడదు. ఇచ్చిన కుటుంబాలకి మేమిచ్చిన మాట అది" అంది.

ఆ వైద్యానికి వాళ్ళు పెట్టుకున్న పేరు పలకడానికి నా నోరు తిరగలేదు. మాది నర్సరీ బతుకు, మామిడికి అంటుకట్టే వాళ్ళం. మేం దాన్ని మాట అంటు అన్నాం. నాలుగు రోజులకి డాక్టరమ్మ కూడా అదే అనడం మొదలుపెట్టింది.

పక్షవాతం వచ్చినప్పుడు తాయారు చెయ్యీ కాలూ రెండు నెలల్లో కుదుటపడ్డాయి. మాట మాత్రం పోయింది. మనం అనేది తెలుస్తుంది, తను అనాల్సింది లోపలే చచ్చిపోతుంది. "నీళ్ళు" అనడానికి పెదాలు కొట్టుకునేవి. చుట్టాలు వచ్చి, ఆమె ఎదురుగానే, ఆమె లేనట్టు మాట్లాడుకుని వెళ్ళేవారు. నా అక్కచెల్లెళ్ళు కూడా అంతే, వాళ్ళని వదిలేసి లోకాన్ని అని లాభం ఏముంది. ఒక్కటి మాత్రం మిగిలింది. లారీకి మొక్కలు ఎత్తేటప్పుడు, నీళ్ళనలేని ఆ మనిషే, "లాభం... రెండు... మూడు..." అని గడగడా లెక్కపెట్టేది. మా వైపు ధాన్యం కొలిచినా, మొక్కలు ఎత్తినా ఒకటి అనం, లాభం అంటాం. చిన్నప్పటి నుంచి నోటికి పట్టేసిన లెక్క. అది ఎక్కడ దాక్కుందో, పక్షవాతానికి దొరకలేదు.

మాటతో ఇంటికి వచ్చాక మా వీధికి మంచి కాలక్షేపం దొరికింది. ఎదురింటి సూరమ్మ పని కట్టుకుని వచ్చి, "ఏవే తాయారూ, ఇయ్యాళ కూరేం చేశావే?" అనేది, ఆ యాస వినడానికి.

"నీ ఇంట్లో ఏటీ వొండనేదేటి, ఈ పక్కకొచ్చినావు?" అనేది తాయారు.

ముప్పై ఏళ్ళు ఏవండీ అన్న మనిషి నన్ను "ఓ మావ" అని పొలం అవతలి గట్టు నుంచి కేకేస్తుంటే పనివాళ్ళు తలలు దించుకుని నవ్వేవారు. నాకు మొదట సిగ్గేసింది. ఆమెకి మాత్రం ఇంతైనా సిగ్గు లేదు. "ఏడాది నోరు కట్టీసుకుని కూకున్నాను. ఏ యాసైతే నాకేటి?" అంది. ఆ ఏడాదిలో పోగుపడ్డవన్నీ, ఎవరెవరు ఆమె ముందే ఏమేం అన్నారో, ఒక్కొక్కరికీ వరసగా అప్పజెప్పింది. నాకు కూడా. అంత హాయిగా నేనెప్పుడూ తిట్లు తినలేదు.

తర్వాత ఫోన్ వచ్చింది.

తాయారు కొబ్బరి పొట్టు కోసం ఒక దుకాణానికి ఫోన్లో ఆర్డరు చెప్పింది. మర్నాడే ఒకతను, "పైడమ్మగారేనా?" అన్నాడు.

"కాదు బాబూ. ఇక్కడ పైడమ్మ ఎవలూ నేరు."

"మేడమ్, మీరు పైడమ్మగారే. మిషన్ ఒప్పుకుంటోంది. మీరు తీసుకున్న లోను నాలుగేళ్ళ నుంచి అలాగే ఉంది."

గొంతులు ఎవరివైనా పుట్టించే రోజులు వచ్చాక అప్పులిచ్చేవాళ్ళకి గొంతు మీద నమ్మకం పోయింది. మనిషి మాట ఎక్కడ ఆపుతాడు, ఏ మాట ముందు వేస్తాడు, ఏది మింగుతాడు, ఆ తీరు ఎవడూ దొంగిలించలేడని కనిపెట్టి, సంతకం బదులు దాన్నే పెట్టుకున్నారు. నాలుగు ముక్కలు మాట్లాడితే అప్పు వస్తుంది. నాలుగు ముక్కలు ఏ దుకాణంతో ఫోన్లో మాట్లాడినా అప్పు పట్టుకుంటుంది కూడా. మాట తీరు చచ్చిపోయినావిడ దగ్గర్నుంచి బతికున్నావిడకి వస్తుందని వాళ్ళు అనుకోలేదు. మేమూ అనుకోలేదు. ఆ పేరు వినేదాకా మాకు మాట ఇచ్చిన తల్లి పేరు పైడమ్మ అని కూడా తెలీదు.

కాదన్నకొద్దీ ఆమే పైడమ్మ అని రుజువవుతోంది. అదీ వాళ్ళ న్యాయం. "నాను కాను" అని తాయారు అంటే, ఆ "నాను కాను" అచ్చం పైడమ్మ అన్నట్టే ఉందట.

రోజుకి ఎన్ని ఫోన్లో. మనిషి కూడా వచ్చాడు. దిలీప్ అని, రాజమండ్రి కుర్రాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో పలక లాంటి పరికరం. అప్పున్న మనిషి మాట్లాడితే దాని మీద పచ్చ దీపం వెలుగుతుంది, వేరేవాళ్ళైతే ఎర్రది.

"చనిపోయినట్టు కాగితం పుట్టించుకుని ఇక్కడికి వచ్చి ఉంటున్నారని మా వాళ్ళ అనుమానం మేడమ్," అన్నాడు. "మీరు చెప్పేది నేను నమ్మాననుకోండి. కానీ లైటు చూడండి."

"ముప్పై ఏళ్ళ నుంచి నా పెళ్ళామయ్యా," అన్నాను. "ఊరందరినీ అడుగు."

"ఊరు చెప్తే మిషన్ ఒప్పుకోదు సార్. కొంచెం కొంచెంగా కట్టినా పర్లేదు. ముందు ఒక వెయ్యి కట్టండి, ఈ నెల ఎవరూ రాకుండా చూస్తాను."

నిజం చెప్పాలంటే నేను జేబులో చెయ్యి పెట్టాను. ఎదురింటి వాకిట్లో సూరమ్మ మెడ సాచి చూస్తోంది. పరువు అనేది మనలాంటి వాళ్ళకి జేబు పక్కనే ఉంటుంది, వీళ్ళకి ఆ సంగతి తెలుసు. తాయారు వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"మావ, సెయ్యి తియ్యి. ఒక్క రూపాయి ఇచ్చినా మనం ఒప్పుకున్నట్టే." అతని వైపు తిరిగింది. "బాబూ, కాయితం తే. ఎవలు తీసుకున్నారు, ఏ ఊర్లోన, సాచ్చి ఎవలు, అన్నీ రాసి తే. కాయితం నేకుండా మా గుమ్మంలోకి రాకు. ఎండలోంచి వచ్చినావు, మజ్జిగ తాగి ఎల్లు."

అతను మజ్జిగ తాగి వెళ్ళాడు. ఆ తర్వాత ఎవరు ఫోన్ చేసినా ఆమెది ఒకటే జవాబు, కాయితం పంపండి. అరిచినవాడికీ అదే, బతిమాలినవాడికీ అదే. పోలీసులొస్తారన్నవాడికి "రమ్మను, ఆలకీ కాయితం సూపించాల గదా" అంది. నేనైతే రెండో ఫోన్‌కే బూతులు లంకించుకునేవాణ్ణి, లేదా ఏడ్చేవాణ్ణి. నెలల తరబడి మాట లేకుండా బతికిన మనిషి, ఇప్పుడు ఒక్క మాట కూడా వృథాగా పోనివ్వడం లేదు.

కానీ వాళ్ళకి ఇంకో దారి ఉంది. అప్పు కట్టని మాట తీరుకి తాళం వేయించారు. అంటే తాయారు ఫోన్లో ఏం చెప్పినా ఎక్కడా చెల్లదు. బ్యాంకులో మాట్లాడితే చెల్లదు, రేషన్‌కి చెల్లదు, ఆస్పత్రిలో పేరు చెప్తే చెల్లదు. మాట వచ్చినా లేనట్టే.

విశాఖ వెళ్ళాం. డాక్టర్ శశిరేఖ తలుపు వేసి కూర్చుంది. "మా పైవాళ్ళకి అప్పు కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. అంటు సంగతి బయటికి చెప్తే ఇక ఎవరూ మాట దానం చెయ్యరని మా పైవాళ్ళ భయం. అంటు తీసేస్తే గొడవ ఉండదంటున్నారు. ఇంకొకరిది దొరికినప్పుడు మళ్ళీ వేస్తామంటున్నారు."

"ఎప్పుడు దొరుకుద్దండి?" అన్నాను.

ఆవిడ బల్ల మీది కాగితాలు సర్దసాగింది.

నేను తాయారు వైపు చూశాను. తీయించేసుకుందాం, ఈ పీడ వదిలిపోతుంది, నీ పక్కన నేనుంటాను గదా అందామని నోటిదాకా వచ్చింది. ఆమె ముందే అందుకుంది.

"తియ్యనీను. అమ్మా, నువ్వు సదువుకున్నదానివి, నీకు నాను సెప్పక్కర్నేదు. మాట నేకపోతే మనిషి ఎలగుంతాదో నాకు తెలుసును. నన్ను గొడ్డుని సూసినట్టు సూసినారు. అప్పు నాది కాదు. నాది కాని దానికి నా నోరు నానెందుకు ఇస్తాను?"

డాక్టరమ్మ తల దించుకుంది. "పరీక్షకని చెప్పి వాయిదా వేస్తాను. ఎన్నాళ్ళు ఆపగలనో తెలీదు" అంది.

ఆ గండం తప్పించింది డాక్టరమ్మా కాదు, మేమూ కాదు. అనుకోకుండా జరిగింది. దిలీప్ మళ్ళీ వచ్చిన రోజు లారీకి మందార మొక్కలు ఎత్తుతున్నాం. అతను పరికరం పట్టుకుని ఆమె వెనకే తిరుగుతున్నాడు.

"మేడమ్, ఒక్క నిమిషం..."

"కాయితం తెచ్చినావా? నేదా? మరైతే అడ్డం లెగు, బండి ఎల్లిపోవాల." పచ్చ దీపం. తల తిప్పుకుని లారీ మీద మనిషికి మొక్కలు అందిస్తూ మొదలుపెట్టింది. "లాభం... రెండు... మూడు..."

ఎర్ర దీపం.

దిలీప్ పరికరాన్ని తట్టాడు, తుడిచాడు. "మేడమ్, ఏదైనా మాట్లాడండి."

"ఏటి మాటాడాల నీతోటి?" పచ్చ. "నాలుగు... అయిదు..." ఎర్ర.

"ఇది పాడైందండి," అన్నాడు నాతో, మొహం వేలాడేసి. "కొత్తది. ఇది పాడైతే నా జీతంలో కోస్తారు."

ఆ సాయంత్రమే డాక్టరమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. "రేపే రండి. దిలీప్‌ని కూడా తీసుకురండి, పరికరంతో."

అతను ఎందుకొచ్చాడో ఇప్పటికీ నాకు తెలీదు. జీతం కోత భయం కావచ్చు, మజ్జిగ కావచ్చు. లాబ్‌లో తాయారు మాట్లాడింది, పచ్చ. లెక్కపెట్టింది, ఎర్ర. వారాల పేర్లు చెప్పింది, చిన్నప్పుడు బడిలో వల్లించిన పద్యం చదివింది, వాళ్ళమ్మ నేర్పిన మంగళహారతి పాడింది. ఎర్ర, ఎర్ర, ఎర్ర. ఆ హారతిలో "చ" చక్కగా "చ"గానే పలికింది. నా పాత తాయారు గొంతు విని ఎన్నాళ్ళయిందో. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి సముద్రం చూస్తున్నట్టు నిలబడ్డాను.

"వల్లెవేసినవి మెదడులో వేరే చోట ఉంటాయి," అంది డాక్టరమ్మ దిలీప్‌తో. "అక్కడ మేం చెయ్యి పెట్టలేదు. అవి ఈవిడ సొంతం. నిజంగా పైడమ్మగారే అయితే హారతి కూడా పైడమ్మగారిలాగే పాడాలి కదా?"

"నాకు అర్థమైందండి," అన్నాడు దిలీప్. "మా వాళ్ళకి అవ్వదు."

అవ్వలేదు. రాజమండ్రిలో అప్పుల తగువులు వినే అధికారికి మేం ఫిర్యాదు పెట్టుకుంటే, కంపెనీ లాయరు ఇదంతా విని, కోటు సర్దుకుని, "సరేనండి. లెక్కపెట్టే సగాన్ని మేం ఏమీ అడగడం లేదు. మాట్లాడే సగమే అప్పు తీసుకుంది, ఆ సగమే కట్టమంటున్నాం" అన్నాడు. గదిలో జనం నవ్వారు. అతను నవ్వలేదు. చదువు ఎక్కువైతే మనిషి నవ్వు రాకుండా ఎంత మాటైనా అనగలడు.

డాక్టర్ శశిరేఖ లేచి నిలబడింది. పైవాళ్ళు వెళ్ళొద్దన్నారని నాకు తెలుసు. పైడమ్మ అనే ఆవిడ తన కళ్ళ ముందే చనిపోయిందని, పోయే ముందు మాట దానం చేసిందని, అది తనే తాయారుకి వేశానని, రహస్యంగా ఉంచాల్సిందంతా పేరు పెట్టి చెప్పింది. ఆ నెలలోనే ఆవిడని లాబ్ నుంచి తప్పించి ఎక్కడో స్టోర్ రూములో కూర్చోబెట్టారు. ఆవిడ సంపాదించుకున్నదంతా ఆ అయిదు నిమిషాల్లో పోయింది. గొంతు మాత్రం తడబడలేదు.

అధికారి తాయారుని అడిగాడు. "అమ్మా, మీరేమంటారు?"

తాయారు లాయరు వైపు తిరిగింది. "బాబూ, సచ్చిపోనోల కళ్ళు సూపు నేనోలకి పెడతారు గదా. ఆ సచ్చిపోనామె కళ్ళజోడు అరువుకి కొన్నాదనుకో. ఆ బాకీ, కళ్ళు ఎట్టించుకున్నోడి కాడికెళ్ళి అడుగుతావేటి?"

"కళ్ళు వేరు, మాట వేరు."

"ఏటి వేరు? ఆ కళ్ళతోటి ఆడు సూస్తాడు. ఈ మాటతోటి నాను అడుగుతన్నాను. అప్పు తీసుకున్నప్పుడు నా కడుపులోకి ఒక ముద్దైనా ఎల్లిందేటి? నా ఇంటి మీదకి ఒక పెంకైనా వచ్చిందేటి? పైడమ్మ నాకు ఇచ్చినాది. నా కాడ ఏటీ తీసుకోనేదు. నువ్వు మద్దెన ఎవలివి?"

అధికారి రాసేశాడు. అప్పు మంగతాయారుది కాదు, తాళం తీసేయాలి, ఇక ఆ ఇంటికి ఎవరూ వెళ్ళకూడదు.

బయట మెట్ల మీద కూర్చున్నాం, బస్సుకి టైముంది. దిలీప్ వచ్చి నిలబడ్డాడు. "మంచిదైంది మేడమ్," అన్నాడు. అన్నాక కూడా కదల్లేదు.

"ఏటి బాబూ?"

"ఫైలు మళ్ళీ కూతురి మీదకి వెళ్తుంది మేడమ్. పలాసలో. జీడిపప్పు మిల్లులో చేస్తుంది. మీరు దొరికారని ఆ అమ్మాయిని కొన్నాళ్ళు వదిలేశాం. ఇప్పుడు నన్నే చెయ్యమంటున్నారు ఫోన్."

అంటే ఇన్నాళ్ళూ మా గుమ్మం ముందు జరిగినదంతా ఇంకొక గుమ్మం ముందు జరగలేదన్నమాట. మనకెందుకు, మన పని అయిపోయింది, అని నాకు అనిపించిన మాట నిజం. తాయారు చెయ్యి చాపింది.

"ఎలాగా సెయ్యాల గదా. ఇప్పుడే సెయ్యి. నాను మాటాడతాను."

"రూల్సు ఒప్పుకోవు మేడమ్. వాళ్ళతో మీరు..."

"నీ రూలు నువ్వు సూసుకో, నా రూలు నాను సూసుకుంతాను. సెయ్యి."

చేశాడు. ఆ అమ్మాయి ఎత్తీ ఎత్తగానే, అలవాటైన విసుగుతో, "మాయమ్మ సచ్చిపోనాదని ఎన్నిపాల్లు సెప్పాల మీకు?" అంది. వెనక మిల్లులో జీడిపిక్కలు కొడుతున్న చప్పుడు.

తాయారు ఫోన్ తీసుకుంది. "నాను మీ యమ్మను కాను. అది ముందు ఇను."

ఫోన్‌ని చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"మీ యమ్మ పోతా పోతా మాట దానం సేసినాది. అది నాకు పెట్టినారు. నా పేరు మంగతాయారు. ఇంటన్నావా?"

ఆ పిక్కల చప్పుడు దూరమైంది. లేచి బయటికి వచ్చినట్టుంది. "ఇంటన్నాను," అంది, చాలా చిన్నగా.

"మీ యమ్మ నీకు ఇల్లూ బూమీ ఏదైనా వొదిలినాదేటి?"

"ఏటీ నేదు."

"అయితే ఆ అప్పు నీది కాదు. నీ సేతితో నువ్వు తీసుకోనేదు. ఆలు ఫోన్ సేస్తే కాయితం పంపమను. కడతానని మాత్రం అనకు. బయపెడితే బయపడకు. ఈ బాబే వొస్తాడు, మంచోడే గాని ఆడి మాట ఇనకు."

దిలీప్ రెండు మెట్లు కిందికి దిగి, అటు తిరిగి కూర్చున్నాడు. పరికరం ఆపేసి సంచిలో పెట్టుకున్నాడు.

"అయిపోనాదా?" అంది ఆ అమ్మాయి.

"అయిపోనాది. అంతే సెప్పాలనుకున్నాను."

"ఫోన్ పెట్టీకు. ఇంకాసేపు మాటాడు."

"ఏటి మాటాడాల?"

"ఏదైనా."

తాయారు నా వైపు చూసింది. లాయర్ని, అధికారిని, కంపెనీని ఎదుర్కొన్న మనిషికి ఏం అనాలో తోచలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. ఫోన్ రెండో చెవికి మార్చుకుని, "పొద్దున్న కూరేటి వొండినావు?" అంది.

ఆ అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. మా కడియం బస్సు వచ్చింది, కాసేపు ఆగి వెళ్ళిపోయింది. ఎక్కుదామని నేను అనలేదు.